తాతగారికి వినబడాలంటే గోడకెంత గుడ్డ?

ఈ నెల ఒక గోడను గురించి వ్రాస్తున్నాము. కుటుంబ పత్రికలో గోడల సంగతి ఏమిటని కొందరు అడుగవచ్చును. ఒక ఇంటిలో ఆగిపోయిన కుటుంబ ప్రార్థన మరల మొదలుకావడానికి ఆ గోడే అడ్డమైనందున వ్రాయవలసి వచ్చింది.

మా సంఘములోని ఒక కుటుంబము పాత పెంకుటిల్లు విడిచి కొత్త ఫ్లాటులోనికి మారింది. గృహప్రవేశ ప్రార్థన మేమే చేశాము. అద్దమువలె మెరిసే టైల్సు, పుట్టీ పెట్టిన నున్నని గోడలు, బాల్కనీకి పెద్ద గాజు తలుపు. అందరము మెచ్చుకొని భోజనము చేసి వచ్చాము. ఆ ఇంటి తాతగారు ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసినవారు. సాయంకాల ప్రార్థన ఆయనే జరిపించేవారు. మనవడు వాక్యము చదువుతుంటే ఒక్క ఒత్తు తప్పినా ఆపి దిద్దేవారు. కొత్త ఇంటికి వచ్చిన కొన్ని నెలలకు ఆయన ప్రార్థనకు రావడము మానివేశారు. ఆ వేళకు తన గదిలో తలుపు వేసుకొని కూర్చునేవారు. కోడలు మా ఇంటికి వచ్చి, "మావయ్యగారికి మా మీద ఏదో మనస్సు కష్టమున్నది అయ్యగారూ, మీరొకసారి వచ్చి మాట్లాడండి" అని కన్నీళ్లు పెట్టుకున్నది.

వెళ్లాము. మనస్సు కష్టమేమీ లేదు. చెవి మిషను సర్దుకుంటూ ఆ పెద్దాయన చెప్పినది ఒక్కటే. "అన్నీ వినబడుతున్నాయి అయ్యగారూ, మాటలే వినబడడం లేదు."

ఆ మాట మాకప్పుడు అర్థము కాలేదని ఒప్పుకోవలసినదే. పిల్లలతో "గట్టిగా చదవండి" అని చెప్పి, మందిరములో మూలనున్న చిన్న మైకు పెట్టె ఒకటి పంపించాము. మన సంఘాలలో ఏ కష్టానికైనా మైకే మందు గదా! వారము తిరుగక ముందే ఆ పెట్టె తిరిగి వచ్చింది. తాతగారికి తలనొప్పి వచ్చిందట.

అసలు సంగతి చెప్పినది చెవి మిషను అమర్చిన ఆడియాలజిస్టు. "మిషను బాగానే ఉన్నది. మీ హాలులో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి" అన్నారట. కొట్టి చూచారు. చేతులు ఆగిన తరువాత కూడా గది మ్రోగుతూనే ఉన్నది. చెవి మిషను మాటను ఎంత పెద్దది చేస్తుందో, గోడకు తగిలి తిరిగి వచ్చే మ్రోతను కూడా అంతే పెద్దది చేస్తుంది. ఒక మాట చెవిని చేరేసరికి దాని ముందు మాట మ్రోత ఇంకా గదిలో తిరుగుతూ ఉంటుంది. రెండూ కలిసి ముద్దయిపోతాయి. గట్టిగా చదివితే మ్రోత కూడా గట్టిదవుతుంది. మేము పంపిన మైకు చేసినది ఇదే. పాత పెంకుటింటిలో ఈ బాధ ఎందుకు లేదో కూడా తెలిసింది. అక్కడ నులక మంచాలు, బొంతలు, దండెము మీద బట్టలు, గరుకు గోడలు, ఎప్పుడూ తెరిచి ఉండే వాకిళ్లు. వచ్చిన శబ్దము వచ్చినట్లే ఎక్కడో ఒకచోట ఇంకిపోయేది.

కుమారుడు మంచివాడు. వెంటనే గోడకు అకౌస్టిక్ ప్యానెళ్లు వేయిస్తానన్నాడు. దుకాణమువారు వచ్చి టేపు పట్టి పొట్టి గోడ కొలిచారు. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు, 120 చదరపుటడుగులు. దానికి తరుగు క్రింద నూటికి 10 కలిపి, 132 అడుగుల ఫోమ్ షీటుకు అంచనా వ్రాసి ఇచ్చారు. అది ఆ అబ్బాయి నెల జీతమును మించిపోయింది. చీటీ పాడి కట్టేస్తానని మా దగ్గరకు వచ్చాడు. ఆ కాగితము చూచి మేము అడిగినది, "గోడ ఎంత ఉన్నదో వ్రాశారు సరే, తాతగారికి ఎంత కావాలో ఎక్కడ వ్రాశారు?" దుకాణమువారు మోసము చేశారని కాదు. గోడ కొలిస్తే గోడ లెక్కే వస్తుంది.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనడము గురించి ప్రభువు చెప్పిన ఉపమానము లూకా 14వ అధ్యాయములో ఉన్నది. దానిని శిష్యత్వము గురించి ఎన్నోసార్లు ప్రసంగించాము గాని, కూర్చుండి లెక్క చూచుకొనడము అనే మాటను కాగితము, పెన్సిలు పట్టుకొని పాటించినది ఈసారే. ఆ అబ్బాయి, మేము, మా సంఘములోని వడ్రంగి మేస్త్రి ముగ్గురము ఒక శనివారము కూర్చున్నాము.

ఈ లెక్కకు మూలపురుషుడు వాలెస్ సాబిన్ అనే అమెరికా ఆచార్యుడు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయములోని ఫాగ్ మ్యూజియమునకు కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఎవరి మాటా ఎవరికీ అర్థము కాలేదు. ఒక శబ్దము సుమారు 5.5 సెకన్లు మ్రోగేదట. బాగుచేయుమని యువకుడైన సాబిన్‌కు అప్పగించారు. ఆయన రాత్రివేళ దగ్గరలోని నాటకశాల కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఆర్గన్ గొట్టము ఊది, ఎన్ని మెత్తలకు మ్రోత ఎంత తగ్గుతున్నదో గడియారము పట్టి కొలిచి, తెల్లవారేసరికి మెత్తలు తిరిగి చేర్చేవాడు. అలా రాత్రుల తరబడి చేయగా సూత్రము దొరికింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ సూత్రము మీద కట్టినదే. అనగా మెత్తలు లెక్కపెట్టడముతోనే ఈ శాస్త్రము మొదలైనది.

ఆయన వాడిన కొలమానము ఇంటివారికి కూడా సులువుగా తెలుస్తుంది. తెరిచిన కిటికీనుండి బయటికి పోయిన శబ్దము తిరిగి రాదు. కనుక ఒక చదరపుటడుగు తెరిచిన కిటికీ ఎంత శబ్దమును మ్రింగుతుందో అది 1. మనము దానిని "కిటికీ అడుగు" అందాము. రంగు వేసిన గోడ, టైల్సు నూరు చదరపుటడుగులు కలిసి మూడు కిటికీ అడుగులకు మించి మ్రింగవు. దళసరి తెర కుచ్చులతో వ్రేలాడితే తన వైశాల్యములో సగము మ్రింగుతుంది. తివాచీ పావు వంతు. రెండంగుళాల రాక్‌వూల్ పలకకు పలుచని గుడ్డ చుడితే మాటల శబ్దములో నూటికి 85 వంతులు. ఒక మనిషి నాలుగైదు కిటికీ అడుగులు. (నిండిన మందిరములో ప్రసంగము బాగా వినబడి, ఖాళీ మందిరములో మ్రోగడము ఇందువలననే. ప్రసంగీకులు గమనించవలెను.)

ఇక గది లెక్క. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. హెచ్చిస్తే 2160 ఘనపుటడుగులు. దానిని 20తో భాగిస్తే 108. (అసలు సూత్రములో 0.049తో హెచ్చించవలెను, ఇంటి లెక్కకు ఇరవైతో భాగించడము చాలును.) ఈ 108ని గదిలోని కిటికీ అడుగులతో భాగిస్తే మ్రోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది.

నేల, పైకప్పు, నాలుగు గోడలు కలిపి 1032 చదరపుటడుగులు. అవి మ్రింగేది 31. నలుగురు మనుష్యులు, ఒక సోఫా సెట్టు కలిసి 35. మొత్తము 66. 108ని 66తో భాగిస్తే 1.6 సెకన్లు. అమెరికాలో తరగతి గదులకు 2002లో పెట్టిన ప్రమాణము 0.6 సెకను. మనది బడి కాదు, ఇల్లు, 0.8 చాలుననుకున్నాము. దానికి 135 కిటికీ అడుగులు కావలెను. ఉన్నవి 66. కొరత 69.

ఇక్కడ ఆ అబ్బాయి, "అయితే గోడనిండా కాకపోయినా సగమన్నా ప్యానెళ్లు పడతాయి" అన్నాడు. మేస్త్రి తల అడ్డముగా ఊపి బాల్కనీ తలుపు వైపు చూపించాడు. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, దానికి వ్రేలాడుతున్నది దోమతెరవంటి పలుచని గుడ్డ. అక్కడ దళసరి తెర వేస్తే 42లో సగము, 21. ఎటూ అవసరమైన తెరే గదా. తాతగారి కుర్చీ ముందు 9 అడుగులు, 6 అడుగుల తివాచీ పరిస్తే 54లో పావు, 13. ఆ తివాచీ పాత ఇంటినుండి వచ్చి అటక మీద చుట్టబడి ఉన్నదే. కొత్త టైల్సు కనబడవని వేయలేదట. ఇక మిగిలిన కొరత 35. ప్యానెలు నూటికి 85 మ్రింగుతుంది గనుక 41 చదరపుటడుగులు కావలెను. రాక్‌వూల్ పలక 1200 మిల్లీమీటర్లు, 600 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి దాదాపు ఏడుముప్పావు చదరపుటడుగులు. అయిదు పలకలకు దాదాపు 39. రెండడుగులు తక్కువైనా పరవాలేదనుకున్నాము. 132 అడుగులు 39 అయినది.

నిర్గమకాండము 36వ అధ్యాయములో ప్రత్యక్ష గుడారము పనికి జనులు అవసరానికి మించి తెచ్చుచుండగా, ఇక తేవద్దని మోషే పాళెములో చాటించిన సంగతి ఉన్నది. పనివారు తమకు కావలసినది ముందే లెక్క కట్టుకొని ఉండబట్టే చాలునని చెప్పగలిగారు. ఆ గుడారమునకు సన్ననార తెరలు పది, ఒక్కొక్కటి 28 మూరలు. పైన మేకవెండ్రుకల తెరలు పదకొండు, ఒక్కొక్కటి 30 మూరలు. వెడల్పు అన్నిటికీ 4 మూరలే. ఆ రెండు మూరల తేడా మీద ఇంతకుముందు మా దృష్టి ఎన్నడూ నిలువలేదు. పైతెర క్రిందితెరను కప్పి ఇరుప్రక్కలా దిగవలెను గదా. గుడ్డ కొలిచిన తరువాతనే మాకు తెలిసింది.

ఎందుకంటే మా మొదటి తప్పు గుడ్డలోనే జరిగింది. పలక మీద కనబడేంత గుడ్డకే లెక్క వేశాము. చట్రముతో కలిసి ప్యానెలు సుమారు ఇరవైఆరంగుళాల వెడల్పు, యాభై అంగుళాల ఎత్తు వస్తుంది. దాని ప్రక్కలకు రెండేసి అంగుళాలు, వెనుకకు మడిచి పిన్నులు కొట్టడానికి మరి రెండేసి అంగుళాలు కావలెను. అంటే ఒక్కొక్కదానికి 34 అంగుళాలు, 58 అంగుళాలు. ఇప్పుడు గుడ్డ పన్నా చూడండి. 44 అంగుళాల పన్నా తీసుకుంటే ఒక్కొక్క ప్యానెలుకు 58 అంగుళాల పొడవు, అయిదింటికి 290 అంగుళాలు, ఏడున్నర మీటర్లు కొనవలెను. ప్రక్కన పదేసి అంగుళాల పేలిక వృథా. 60 అంగుళాల పన్నా అయితే ప్యానెలును అడ్డము త్రిప్పి పరచవచ్చును. ఒక్కొక్కదానికి 34 అంగుళాలు, అయిదింటికి 170. నాలుగున్నర మీటర్లు చాలును. గుడ్డ అదే, పని అదే, పన్నా ఒక్కటే తేడా. కోడలు ఈ లెక్క మా కంటే ముందు చెప్పింది. బట్టలు కుట్టేవారికి తెలిసినంత కొలత ప్రసంగాలు చెప్పేవారికి తెలియదు.

గుడ్డ ఎంచుకొనేటప్పుడు దానిని నోటికి ఆనించి ఊదండి. ఊపిరి అవతలికి పోవలెను. పోకపోతే శబ్దము కూడా లోపలికి పోదు. రెక్సిను పనికిరాదు. వేసిన తరువాత దాని మీద రంగు పూయరాదు. నూలు గుడ్డ అయితే ముందు తడిపి ఆరవేయండి.

కర్ర దగ్గర మేస్త్రి మాకు పాఠము చెప్పాడు. చట్రము అంగుళము మందము, రెండంగుళాల వెడల్పుగల రీపర్లతో. ఒక్కొక్క చట్రానికి నలభైఏడుంపావు అంగుళాల ముక్కలు రెండు, వాటి చివరలను మూసే ఇరవైఅయిదున్నర చిల్లర అంగుళాల ముక్కలు రెండు. అయిదు చట్రాలకు మొత్తము అరవై అడుగుల పైచిలుకు. రీపరు ఎనిమిదడుగులు గనుక భాగించి, ఎనిమిది చాలునని మేము వ్రాసుకున్నాము. మేస్త్రి నవ్వి, "భాగహారము రంపానికి తెలియదండీ" అన్నాడు. నిజమే. ఒక రీపరులో పొడుగు ముక్కలు రెండు వస్తే అంగుళమున్నర మాత్రమే మిగులుతుంది; అది దేనికీ పనికిరాదు. అలా అయిదు రీపర్లు అయిపోతాయి. పొట్టి ముక్కలు పది. ఒక రీపరులో మూడే వస్తాయి. మూడు రీపర్లకు తొమ్మిది, పదవ ముక్క కోసము ఇంకొక రీపరు. మొత్తము తొమ్మిది. ఆ తొమ్మిదవదానిలో మిగిలినదానిని అడుగు అడుగు ముక్కలుగా కోసి, ప్యానెళ్లు తగిలించడానికి గోడకు కొట్టే పట్టీలుగా వాడాము. పట్టీ అంగుళము మందము గనుక ప్యానెలుకూ గోడకూ నడుమ సందు వచ్చింది. ఆ సందు కూడా మంచిదే. బొంగురు శబ్దాలను మ్రింగడానికి సహాయపడుతుంది.

చట్రము చేసిన తరువాత పలక కొనవద్దు. పలక కొని, దాని ప్రకారము చట్రము చేయించండి. దుకాణములో పలకలు విడిగా ఇస్తారా, కట్టగానే ఇస్తారా ముందే అడగండి. మాకు ఆరు పలకల కట్టే దొరికింది.

వెనుక వైపు నూగు రాలకుండా పలుచని గుడ్డ వేయవలెను. దానికి తాతగారు తన నాలుగు మీటర్ల పాత పంచె ఒకటి ఇచ్చారు. ఒక్కటే అయిదింటికీ సరిపోయింది. పట్టీకి రెండు చొప్పున పది మరలు, పది ప్లగ్గులు. రెండంగుళాలకొకటి చొప్పున కొట్టడానికి స్టేపుల్ పిన్నులు ఒక వెయ్యి పెట్టె. బాల్కనీ తెరకు ఆరడుగుల కమ్మీకి ఆరడుగుల గుడ్డ తేవద్దు. కుచ్చులు రావాలంటే రెట్టింపు, పన్నెండడుగులు. నాలుగడుగుల పన్నా మూడు వరుసలు, మడతలతో ఎనిమిదడుగుల ఎత్తు. ఇరవైనాలుగడుగులు, అంటే ఏడున్నర మీటర్లు.

రాక్‌వూల్ కోసేటప్పుడు, అమర్చేటప్పుడు ముక్కుకు, చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండవలెను. పిల్లలను దగ్గరకు రానీయవద్దు. అది మంటకు అంటుకోదు. చౌక ఫోమ్ అలా కాదు, క్షణములో మండి విషపు పొగ విడుస్తుంది. క్రిస్మసు రాత్రి కొవ్వొత్తులు వెలిగించుకొనే ఇండ్లు మనవి. కోడిగ్రుడ్ల అట్టలు గోడకు అంటించుకున్నవారిని కూడా చూచాము. అవి మ్రింగేది చాలా కొంచెము, మండేది మాత్రము త్వరగా. థర్మోకోలు కూడా పెద్దగా మ్రింగదు.

ఈ సంగతి విన్న ఒక సహోదరుడు, ప్రక్క ఫ్లాటువారు మన ప్రార్థన గొడవగా ఉన్నదంటున్నారు, మేమూ ఇవి వేయించుకుంటామన్నాడు. వద్దన్నాము. ఈ పలకలు గదిలోని మ్రోతను తగ్గిస్తాయి గాని గోడ దాటి పోయే శబ్దమును ఆపవు. దానిని ఆపాలంటే బరువైన గోడ, సందులు లేని తలుపులు కావలెను. అంతకంటే చౌక మార్గము డోలక్, మైకు పక్కన పెట్టి మాట్లాడే గొంతుతో ప్రార్థించడము. పొరుగువాని నిద్ర కూడా మన సాక్ష్యములో భాగమే.

ఎక్కడ తగిలించామో చెప్పి ముగిస్తాము. ఎదురెదురుగా ఉన్న ఉత్త గోడల నడుమ శబ్దము బంతివలె ఎగురుతుంది గనుక, రెండు జతలలోనూ ఒక్కొక్క గోడకు వేయడము మంచిది. పొడుగు గోడకు మూడు, దుకాణమువారు కొలిచిన పొట్టి గోడకు రెండు. క్రింది అంచు నేలనుండి రెండున్నర అడుగుల ఎత్తున. కూర్చున్నవారి నోరు, చెవి ఉండే ఎత్తు ఆ ప్యానెలు పరిధిలోనే వస్తుంది. పొట్టి గోడ మీద అద్దము పట్టించిన పెద్ద వాక్యపటము ఉండేది. శబ్దానికి అద్దమూ గోడవంటిదే. దానిని పడకగదిలోనికి మార్చడానికి కోడలు కొంచెము సంకోచించింది గాని తాతగారే మార్చమన్నారు.

పలకలు రాకముందే ఖర్చులేని పని ఒకటి చేయించాము. చదివేవారి కుర్చీ తాతగారికి ఎదురుగా మూడడుగుల దూరములో, దీపము చదివేవారి ముఖము మీద పడేటట్లు వేసి, టీవీ ఆపించాము. దానితోనే కొంత మేలు కనబడింది. తెర, తివాచీ వేసిన తరువాత ఇంకొంత. అయిదు ప్యానెళ్లు తగిలించిన సాయంకాలము మేమూ ఆ ఇంటికి వెళ్లాము. చప్పట్లు కొట్టి చూస్తే పొడిగా ఒక్క శబ్దము వచ్చి ఆగిపోయింది. మనవడు కీర్తన చదవడము మొదలుపెట్టాడు. మూడవ వచనములో ఒక ఒత్తు మింగివేశాడు. తాతగారు చెయ్యి ఎత్తి, "ఆగు, మళ్లీ చదువు" అన్నారు. కోడలు వంటగదిలోనికి వెళ్లిపోయింది.

కట్టలో మిగిలిన ఆరవ పలక మా ఇంటి సామాను గదిలో ఉన్నది. పెద్దవారున్న ఇంటికి ఎవరికైనా పనికివస్తే అడిగి తీసుకొనిపోగలరు. చట్రము కర్ర మాత్రము మీరే తెచ్చుకోవలెను.